నిమ్మరసం కాదది, నిమ్మవాసన

మద్యం ఊసెత్తగానే ముఖం చిట్లించే మిత్రులకు ముందే ఒక మనవి. తాగమని గాని మానమని గాని చెప్పడం ఈ టపా ఉద్దేశం కాదు. నా తగవు రుచికి సంబంధించినది. నిమ్మవాసననీ ఉప్పునీ కర్మాగారంలోనే కలిపేసి, డబ్బాలో బిగించి, పైన "మెక్సికన్ శైలి" అని అచ్చువేసి అమ్ముతున్న బీర్లమీద నాకు చాలాకాలంగా కోపం ఉంది. బీరులో నిమ్మకాయ పిండడమే అపచారమంటూ ముక్కు విరిచే రసజ్ఞులమీద ఉన్న కోపం అంతకు తక్కువేమీ కాదు. ఈ ఇరుపక్షాలూ ఒకదాన్నొకటి ఈసడించుకుంటాయి. నాకు మాత్రం రెండూ ఒక తానులో గుడ్డలుగానే కనిపిస్తాయి. బీరు రుచి ఎలా ఉండాలో తయారీదారుడి దగ్గరే తేలిపోవాలి, తాగేవాడి చెయ్యి అందులో పడకూడదు – ఇదీ ఇద్దరి సిద్ధాంతమూ. ఆ సిద్ధాంతంతోనే నా పేచీ.

విషయం కొత్తవారి కోసం కొంత పీఠిక. మెక్సికోలో బీరుకి వాడుకలో 'చేలా' అని ముద్దుపేరు. 'ఎలాదా' అంటే బాగా చల్లబడినది. గాజుకప్పు అంచుకి నిమ్మచెక్క రాసి, ఆ తడిమీద ఉప్పు అద్ది, అడుగున ఒకటి రెండు కాయల రసం పిండి, మంచుముక్కలు వేసి, పైన లేతరంగు బీరు పోస్తే అది చెలాదా. అందులో కారపు సాసు, వూస్టర్‌షైర్ సాసు, మాగీ రసం వగైరాలు చుక్కలు చుక్కలుగా చేరిస్తే మిచెలాదా. (మాగీ అనగానే రెండు నిమిషాల సేమియాని గుర్తు తెచ్చుకోకండి. ఇది సోయాసాసు లాంటి నల్లటి ద్రవం. మన వంటింట్లో ఇంగువడబ్బాకున్న హోదా అక్కడ దానికుంది.) టమాటా రసంలో ఆల్చిప్పల మాంసపు రసం కలిపిన 'క్లమాటో' అనే పానీయాన్ని కూడా కొందరు పోస్తారు.

పేర్ల విషయంలో వారిలో వారికే ఏకాభిప్రాయం లేదు. మెక్సికో నగరంలో మిచెలాదా అడిగితే చాలాచోట్ల ఉప్పూ నిమ్మరసమే వస్తాయి. సాసులు కావాలంటే 'కుబానా' అనాలి. అదే మరో ప్రాంతంలో మిచెలాదా అంటే సాసులతో సహా అని అర్థం. ఆ పేరు 'నా చల్లని బీరు' అనే అర్థమున్న మాటలు కలిసిపోగా పుట్టిందని కొందరంటే, సాన్ లూయీస్ పొతోసీ నగరంలో ఒక క్రీడాసంఘంలో 1960లలో మిషెల్ ఎస్పెర్ అనే సభ్యుడు ఇలా తాగడం మొదలెట్టాడు కనుక ఆయన పేరే స్థిరపడిందని మరికొందరంటారు. వ్యుత్పత్తులమీద మనవాళ్ళు చేసుకునే యుద్ధాలు చూసిన కళ్ళకి ఇదేమంత వింత కాదు.

ఇక ఆ నిమ్మకాయ. ఈ కథలో తెలుగువాళ్ళం బొత్తిగా పరాయివాళ్ళం కామని నేననేది ఇక్కడే. అమెరికా దుకాణాల్లో ఎక్కువగా కనిపించే పెద్ద ఆకుపచ్చ కాయ, గింజల్లేనిది, పర్షియన్ నిమ్మ. పసుపుపచ్చగా కోలగా ఉండేది పూర్తిగా వేరే జాతి. మెక్సికోవాళ్ళు 'లిమోన్' అంటూ ప్రాణప్రదంగా చూసుకునే చిన్న కాయ – గుండ్రనిది, పలచటి తొక్క, నోటినిండా గింజలు – అక్షరాలా మన నిమ్మకాయే. గూడూరు మార్కెట్టుకి బస్తాల్లో వచ్చి దిగేదీ, మిచోఅకాన్ రాష్ట్రపు అపాత్సింగాన్ లోయలో కాసేదీ ఒకటే జాతి. ఆసియాలో పుట్టిన చెట్టు స్పెయిన్‌వాళ్ళ ఓడలెక్కి అక్కడికి పోయింది. అక్కడి మిరపకాయ పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మనకొచ్చింది. మెక్సికోలో తోపుడుబండి మీద మామిడిముక్కలకి ఉప్పూ కారమూ పట్టించి పైన నిమ్మకాయ పిండి ఇస్తుంటే, చూస్తున్న తెలుగువాడికి దుబాసీ అక్కర్లేదు.

మనకి 'నంజుకోవడం' అని ఒక మాట ఉంది. ఆంగ్లంలో దానికి సరితూగే మాట నాకింతవరకు తగల్లేదు. పప్పన్నంలో ఆవకాయ నంజుకుంటాం. పెరుగన్నంలో ఊరమిరపకాయ నంజుకుంటాం. ఆ రెండూ ముందే కలిపేసి పెడితే తినలేమని కాదు గాని, అది వేరే తిండి. నంజుకోవడంలో ఎంత, ఎప్పుడు అన్నది తినేవాడి ఇష్టం. ముద్దముద్దకీ రుచి మారుతుంది, ఆ మారడమే అందులో సుఖం. చెలాదా సరిగ్గా ఇలాంటిదే. కప్పు అంచున ఉప్పు ఒకచోట మందంగానూ ఒకచోట పలచగానూ ఉంటుంది. పెదవి ఎక్కడ ఆనిస్తే ఆ గుక్కకి ఆ రుచి. మంచు కరిగే కొద్దీ పులుపు మెత్తబడుతుంది. సగంలో చప్పబడిందనిపిస్తే ఇంకో చెక్క పిండుకోవచ్చు. బీరుకి ఉప్పూ నిమ్మకాయా నంజుకోవడం అది. 'ఉప్పు-నిమ్మ రుచిగల బీరు' అనే పదబంధం వినగానే నాకు, ఆవకాయ కలిపిన పప్పన్నాన్ని మరలో రుబ్బి డబ్బాకెత్తిన దృశ్యం కళ్ళకి కడుతుంది.

నేనుండే టెక్సాస్ ఊళ్ళో చేపలూ రొయ్యలూ వడ్డించే ఒక చిన్న మెక్సికన్ హోటలుంది. అక్కడ మొదటిసారి మిచెలాదా అడిగినప్పుడు బల్ల వెనక నిలబడ్డ పెద్దావిడ నన్ను మూడు ప్రశ్నలు వేసింది. అంచుకి ఒట్టి ఉప్పా, కారం కలిపిన ఉప్పా? నిమ్మకాయలు ఎన్ని? టమాటా రసం ఉండాలా, వద్దా? చిన్నతనంలో గోళీసోడా బండివాడు కాయ కోస్తూ "సాల్టా, స్వీటా?" అని తలెత్తకుండా అడిగేవాడు. ఉప్పు వెయ్యగానే సోడా గ్లాసు అంచుదాకా పొంగుకొచ్చేది, ఆ నురగ కిందపడకుండా మూతి పెట్టేయాలి. ఆ ప్రశ్నకి జవాబు చెప్పే హక్కు పదేళ్ళ పిల్లాడికి కూడా ఉండేది. డబ్బా బీరు మనల్ని ఏమీ అడగదు.

ఇదంతా ఒట్టి అభిమానంతో అంటున్న మాట కాదు. ఉప్పు చేదుని అణచివేస్తుందని మనకి అనుభవంలో ఉన్నదే. పంపరపనస తొనలమీద ఉప్పు చల్లుకునేవారిని అడగండి. ఈ సంగతిని బ్రెస్లిన్, బోషాంప్ అనే శాస్త్రజ్ఞులు 1997లో 'నేచర్' పత్రికలో ప్రకటించిన ఒక చిన్న పరిశోధనాపత్రంలో నిరూపించారు. ఉప్పు చేదుని తగ్గించడం వల్ల, ఆ చేదు మాటున అణగి ఉన్న తీపి పైకి తేలుతుందని దాని సారాంశం. మెక్సికో లేతరంగు బీర్లలో చాలావాటికి బార్లీతోపాటు మొక్కజొన్న వంటివి కూడా వాడతారు. వాటి ఒళ్ళు పలచన, చేదు స్వల్పం. ఉన్న ఆ కాస్త చేదునీ ఉప్పు పక్కకి జరిపితే ధాన్యపు తీపి కనిపిస్తుంది. ఆ తీపికి పులుపు అడ్డుకట్ట వేస్తుంది. ఎండ మండే ఊళ్ళో, చెమట కారుతున్న ఒంటికి, ఆ ఉప్పు ఎందుకు హితవుగా ఉంటుందో ఉప్పువేసిన మజ్జిగ తాగేవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు రసజ్ఞుల సంగతి. మన తెలుగు మిత్రుల్లో కూడా బెల్జియం బీర్లతోనూ జర్మనీ బీర్లతోనూ కొత్తగా పరిచయం కలిగినవారు ఈ పక్షంలో చేరుతున్నారు. (పాతికేళ్ళవరకూ ఏది దొరికితే అది సీసా ఎత్తి గుటగుట తాగినవాళ్ళే. ఇప్పుడు గ్లాసు ఆకారం సరిగ్గా లేకపోతే ముట్టరు.) వీరి వాదానికి మూలస్తంభం 1516లో బవేరియా ప్రభువులు జారీచేసిన శుద్ధిశాసనం. బార్లీ, హాప్స్, నీరు – ఈ మూడు తప్ప బీరులో మరేమీ ఉండరాదని అందులో ఉంది. బీరుని బీరుగా పులియబెట్టే ఈస్టు ప్రస్తావన అందులో లేనే లేదు. ఆ శాసనం బీరు ధరని కూడా నిర్ణయించింది, ఆ భాగాన్ని మాత్రం ఎవరూ భక్తితో పారాయణ చెయ్యరు. బార్లీ తప్ప వేరే ధాన్యం కూడదన్న ఆ రాజవంశమే తరువాతి శతాబ్దంలో గోధుమ బీరు తయారీని తన గుత్తసొత్తుగా చేసుకుని బొక్కసం నింపుకుంది. శుద్ధి అనే మాట వెనక ఎవరి లాభం దాగుందో ముందు చూసుకోవడం మంచిది. భాషలోనైనా అంతే అనుకోండి, కాని ఆ తేనెతుట్టెని ఇప్పుడు కదపను.

ఆ జర్మనీలోనే గోస్లార్ ఊరి పేరుతో 'గోజె' అనే బీరు ఉంది. తరువాత లైప్‌జిగ్‌లో స్థిరపడింది. దాన్లో ఉప్పు వేస్తారు. ధనియాలు కూడా వేస్తారు. పుల్లగా ఉంటుంది. ఉప్పూ పులుపూ కలిసిన బీరు తాగడం అనాగరికమైతే ఆ అనాగరికత పుట్టిల్లు లైప్‌జిగే కావాలి. బెర్లిన్‌వాళ్ళు తమ పుల్లటి గోధుమ బీరులో ఎర్రటి పళ్ళ పాకం కలుపుకుంటారు. బవేరియావాళ్ళు సగం బీరు, సగం నిమ్మసోడా కలిపి 'రాడ్లర్' అంటే సైకిలువాడు అని పేరుపెట్టుకున్నారు. యూరపువాడు కలిపితే సంప్రదాయం, మెక్సికోవాడు కలిపితే సంకరం – ఈ న్యాయం ఎక్కడిదో ఆ పండితులే చెప్పాలి.

వారి తరఫున ఒక గట్టి వాదం లేకపోలేదు. తెల్లగాజు సీసాలో ఉన్న బీరుకి వెలుతురు తగిలితే హాప్స్‌లోని చేదు పదార్థాలు విరిగి గంధకం కలిసిన ఒక దుర్వాసన పుడుతుంది. అమెరికాలో స్కంక్ అనే జంతువు చిమ్మే కంపుతో దాన్ని పోలుస్తారు. సీసా మూతిలో నిమ్మచెక్క దూర్చే అలవాటు ఆ కంపుని కప్పిపుచ్చడానికేనని వీరి వాదన. వెలుతురు సంగతి నిజమే. కాని అది గాజుమీద నేరారోపణ అవుతుంది, నిమ్మకాయ మీద కాదు. 1944లో బాహా కాలిఫోర్నియాలో పుట్టిన తెకాతే బీరు ఎర్రటి డబ్బాకే పేరు. డబ్బాలోకి వెలుతురు దూరదు. అయినా మెక్సికోవాళ్ళు ఆ డబ్బా నెత్తిన ఉప్పు చల్లి నిమ్మకాయ పిండుకునే తాగుతారు. దాచడానికి కంపే లేనిచోట దేన్ని దాస్తున్నట్టు? నిజానికి సీసా మూతిలో చెక్క దూర్చడమనేది ఉత్తరాన అమెరికా బార్లలో ముదిరిన వేషం. దాన్ని చూసి చెలాదాకి శిక్ష వెయ్యడం, పెళ్ళివిందులో తిన్న చల్లారిన పూరీని బట్టి పూరీజాతినే వెలివెయ్యడం లాంటిది.

రెండో పక్షం మరీ ప్రమాదకరమైనది, ఎందుకంటే వీరు నవ్వుతూ వస్తారు. 2007లో మిల్లర్ కంపెనీ ఉప్పు, నిమ్మ కలిపిన 'మిల్లర్ చిల్' అనే బీరుని చెలాదా స్ఫూర్తి అని చెప్పుకుంటూ అమెరికా మార్కెట్టులోకి దింపింది. మరుసటేడే పోటీ కంపెనీ 'బడ్ లైట్ లైమ్' తెచ్చింది. క్లమాటో కలిపిన డబ్బా చెలాదాలూ ఆ రోజుల్లోనే వచ్చాయి. 2012లో 'లైమ్-ఎ-రీటా' పేరిట ఎనిమిది శాతం ఆల్కహాలుతో తియ్యటి డబ్బాలు వచ్చాయి. మిల్లర్ చిల్ 2013లో కాలం చేసింది. వంశం మాత్రం వర్ధిల్లింది. ఇప్పుడు ఏ పెద్ద దుకాణంలో చూసినా ఉప్పు-నిమ్మ, మామిడి-మిరప, పుచ్చకాయ, చింతపండు చెలాదాలు ఒక అలమరా నిండా ఉన్నాయి.

వీటిలో పదింటికి తక్కువ కాకుండా రుచి చూశాకే రాస్తున్నాను. పేర్లు అనవసరం, అన్నిటి తంతూ ఒకటే. డబ్బా తెరవగానే వచ్చే వాసన నిమ్మకాయది కాదు, నిమ్మకాయని తలపించేది. గిన్నెలు తోమే సబ్బుకీ, గచ్చు తుడిచే ద్రవానికీ కూడా అదే చుట్టరికం. దీనికి కారణం తయారుచేసేవారి చేతగానితనం అనుకోకండి. కోసిన నిమ్మకాయ వాసనకి ప్రాణమైన సిట్రాల్ అనే పదార్థం పుల్లటి ద్రవంలో నిలవ ఉంటే విరిగిపోతుంది. దానినుంచి పుట్టే కొత్త పదార్థాల్లో కొన్నిటికి మందులవాసన ఉంటుంది. తాజా రసం పిండి డబ్బాలో పోసినా నెలల తరబడి గోదాముల్లోనూ లారీల్లోనూ తిరిగేసరికి అది తాజా రసంగా మిగలదు. అంచేత కర్మాగారం చెయ్యగలిగిందల్లా, నిలవ ఉన్నా చెడని వాసన ఒకటి ఎంచుకోవడమే. అంటే నిమ్మకాయలో ఏది త్వరగా పోతుందో దాన్ని వదిలేసి, ఏది చావదో దాన్ని ఉంచుకోవడం. చెలాదాలో మనం కోరుకునేది మాత్రం త్వరగా పోయే ఆ భాగాన్నే. కాయ పిండుతున్నప్పుడు తొక్కలోంచి చిమ్మి వేళ్ళకంటే నూనె కూడా అందులో భాగమే. గ్లాసు ఎత్తిన ప్రతిసారీ చేతివాసన ముక్కుకి తగులుతూనే ఉంటుంది.

ఉప్పు పరిస్థితి ఇంకా అన్యాయం. ద్రవమంతటా సమంగా కరిగిపోయిన ఉప్పు ఉప్పదనాన్నిస్తుంది గాని ఉప్పుగల్లు పెదవికి తగిలే ఆ చురుకుని ఇవ్వలేదు. మొదటి గుక్కా చివరి గుక్కా ఒకటే. ఈ సమత్వాన్ని కంపెనీలు నాణ్యత అంటాయి.

ఈ జబ్బు బార్లకీ పాకింది. ఒక పెద్ద హోటలు బారులో (పేరు అక్కర్లేదు) మిచెలాదాకి పదహారు డాలర్లు తీసుకుని, ప్లాస్టిక్ సీసాలోంచి ఎర్రటి మిశ్రమం కొలిచి పోసి, పైన బీరు వంపి ఇచ్చారు. నిమ్మకాయ ఏదని అడిగితే మిశ్రమంలోనే ఉందని సమాధానం. అలంకారానికి మాత్రం ఒక చక్రం కోసి గ్లాసుకి తగిలించారు. పిండటానికి వీల్లేనంత పలచగా కోశారు దాన్ని.

"మెక్సికన్ శైలి" అన్న ముద్ర గురించి కూడా ఒక మాట అనుకోవాలి. తెకాతే, దోస్ ఎకిస్ బీర్ల సొంతదారు 2010 నుంచి డచ్చి కంపెనీ హైనెకెన్. కరోనా, మొడేలో బీర్లు చేసే గ్రూపో మొడేలో 2013లో బెల్జియం కేంద్రంగా ఉన్న ఏబీ ఇన్‌బెవ్ చేతికి పూర్తిగా పోయింది. అదే ఏడాది అమెరికాలో వాటిని అమ్ముకునే హక్కు న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన కాన్‌స్టెలేషన్ కంపెనీకి దక్కింది. మొడేలో ఎస్పెసియాల్ 2023లో అమెరికా దుకాణాల అమ్మకాల విలువలో మొదటి స్థానానికెక్కింది. ఇంకా ముచ్చటైన సంగతి. కరోనా పేరుతో కాన్‌స్టెలేషన్ ఒక ఘాటుసోడాని అమ్మితే, మీ ఒప్పందం బీరుకే గాని సోడాకి కాదంటూ 2021లో రెండో పక్షం కోర్టుకెక్కింది. చక్కెర పులియబెట్టి చేసిన ఆ పళ్ళవాసన నీళ్ళు ఒప్పందం భాషలో బీరు కిందికే వస్తాయని 2023లో న్యూయార్క్ జ్యూరీ తేల్చింది. ఏది బీరో తేల్చడానికి నాలుకతో పని లేదు, ఒప్పందపత్రం చాలు. ఇలాంటి లోకంలో ఏది మెక్సికనో ఎవరు తేలుస్తారు? అమెరికా సరిహద్దు పక్కనే ఉన్న మెహికాలిలో కాన్‌స్టెలేషన్ కట్టుకుంటున్న బీరు కర్మాగారాన్ని మాత్రం 2020 మార్చిలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో నాలుగింట మూడువంతుల మంది వద్దన్నారు. ఆ ఎడారి ఊళ్ళో తమ నీళ్ళు తమకి కావాలన్నారు. సగం కట్టిన కర్మాగారం ఆగిపోయింది. మెక్సికన్ శైలి అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ ఓటు.

ఇక అసలు నిమ్మకాయల దగ్గరికి వద్దాం. ఈ టపాకి నన్ను పురికొల్పింది అదే.

అమెరికాలో ఒకప్పుడు ఫ్లోరిడాలో ఈ పంట ఉండేది. 1992 నాటి ఆండ్రూ తుఫానూ, ఆ తరువాత తెగులు అరికట్టడానికి చేసిన చెట్ల నరికివేతా కలిసి దాన్ని తుడిచిపెట్టాయి. ఇప్పుడు ఇక్కడ తినే కాయల్లో అత్యధికభాగం మెక్సికో నుంచి వచ్చేవే. ఎగుమతికి వచ్చే గింజల్లేని కాయ ఎక్కువగా వెరాక్రూస్‌ది. మెక్సికోవాళ్ళు తమ ఇళ్ళలో పిండుకునే చిన్న కాయకి పెద్ద నెలవు మిచోఅకాన్. ఆ మిచోఅకాన్ రైతు కాయ కోసినందుకు, తూచినందుకు, పెట్టెలకెత్తినందుకు ముఠాలకి కప్పం కట్టాలి. కిలోకింత అని లెక్క. కట్టనివాడి తోట గాని ప్రాణం గాని దక్కదు. 2013 ఫిబ్రవరిలో లా రువానా అనే ఊళ్ళో ఇపోలితో మోరా అనే నిమ్మరైతు ఇక భరించలేక పక్కవాళ్ళని కూడగట్టి తుపాకీ పట్టాడు. మిచోఅకాన్ ఆత్మరక్షణ దళాల చరిత్రలో అది తొలి ఘట్టాల్లో ఒకటి. పదేళ్ళ తరువాత, 2023 జూన్‌లో, ఆయన్ని చంపేశారు. 2024 ఆగస్టులో ఆ కప్పాలకి తాళలేక అక్కడి నిమ్మకాయల గోదాములు సగానికి పైగా మూతబడ్డాయి. అపాత్సింగాన్ లోయ నిమ్మరైతుల సంఘానికి అధ్యక్షుడైన బెర్నార్దో బ్రావో ఈ దోపిడీ గురించి బహిరంగంగా మాట్లాడుతూ వచ్చాడు. 2025 అక్టోబరులో ఆయన్నీ హత్యచేశారు.

బీరు గురించి రాస్తూ ఇదంతా ఎందుకని మీరడగవచ్చు. నిమ్మకాయ అనే వస్తువుకి ఒక చెట్టు, ఒక రైతు, ఒక ధర ఉన్నాయి కనుక. 2014 వసంతంలో వానలూ తెగులూ ముఠాలూ ఏకమై పంట తగ్గినప్పుడు ఇక్కడ పెట్టె ధర మామూలుకి ఎన్నో రెట్లయింది. విమానాల్లో సైతం నిమ్మచెక్క ఇవ్వడం ఆపేశారు. టెక్సాస్‌లో చిన్నచిన్న టాకో దుకాణాలవాళ్ళు తెల్లమొహం వేశారు. నిమ్మవాసన డబ్బాలకి ఆ ఏడాది చీమ కుట్టినట్టయినా లేదు. అపాత్సింగాన్‌లో తుపాకీ పేలినా, వెరాక్రూస్‌లో చెట్టు ఎండినా వాటి రుచి మారదు, ధర మారదు. ఆ పేరుతోనే బతుకుతూ ఆ కాయతో ఏ సంబంధమూ లేకుండా ఉండగలగడం – నాకు కంపరం పుట్టించేది ఇదీ.

అయితే నెత్తురంటిన కాయకంటే ఏ పాపమూ ఎరగని వాసనే మేలు కదా అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. వినడానికి ధర్మంగానే ఉంది. కాని ఇపోలితో మోరా గాని బెర్నార్దో బ్రావో గాని మా కాయలు కొనకండి అనలేదు. మా కాయలు మమ్మల్ని అమ్ముకోనివ్వండి అన్నారు. వాళ్ళు ప్రాణం పెట్టి నిలబెట్టాలనుకున్న మార్కెట్టుని మనం వాసనతో సరిపెట్టుకుని వదిలేస్తే, ఆ పుణ్యం వాళ్ళ ఖాతాలో పడదు.

ఇంకో ఆక్షేపణ ఇంతకంటే సూటిది: డబ్బా చెలాదాలు విరివిగా కొనేది అమెరికాలోని మెక్సికన్లే కదా, వాళ్ళకి లేని బాధ తెలుగువాడివి నీకెందుకు? కొంటారు, నిజమే. ఎండలో పైకప్పులు వేసి, కాంక్రీటు పోసి, సాయంత్రం ఇంటికి పోతూ పెట్రోలుబంకులో ఆగి చల్లటి పెద్ద డబ్బా ఒకటి కొనుక్కునే మనిషితో నాకు ఏ తగాదా లేదు. అతను ఏం చేస్తాడో నేను చాలాసార్లు చూశాను. డబ్బా మూతి చుట్టూ కారం కలిపిన ఉప్పు చల్లుకుంటాడు. జేబులోంచో, అన్నం డబ్బాలోంచో ఒక నిమ్మచెక్క తీసి పిండుతాడు. 'ఉప్పూ నిమ్మా కలిపినది' అని రాసి ఉన్న డబ్బాలోనే మళ్ళీ పిండుతాడు! ఆ రాతని అతనెంత నమ్మాడో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు. నా ఫిర్యాదు కొనేవాడిమీద కాదు, అమ్మేవాడి రాతమీద.

అలాగని చేత్తో చేసిందల్లా అమృతమని నేననను. మెక్సికో నగరంలో తెపీతో బస్తీ వీధుల్లో లీటరు కప్పుల్లో అమ్మే మిచెలాదాల అంచుకి తియ్యటి చమోయ్ పాకం, రంగురంగుల చక్కెర, జిగురు మిఠాయిలు పూస్తారు. ఫొటోకి బాగుంటాయి. అంచు నాకేసరికి ఆకలి చస్తుంది. కాని అక్కడ కూడా వద్దనే అవకాశం ఉంది. "అవన్నీ తీసెయ్, ఉప్పు చాలు" అంటే ఇస్తారు.

కత్తీ పలకా ఎక్కడ పెట్టుకు తిరగమంటావని అడిగేవారికి, ఇంట్లో చేసుకునే పద్ధతి చెప్పి ముగిస్తాను. భారతీయ దుకాణంలో గాని మెక్సికన్ దుకాణంలో గాని చిన్న నిమ్మకాయలు కొనండి, పసుపు తిరుగుతున్నవైతే రసం ఎక్కువ. బల్లమీద అరచేత్తో ఒకసారి దొర్లించండి. రాతి ఉప్పు మరీ మెత్తగా నూరకండి. అంచు మొత్తం కాకుండా సగానికే అద్దండి, రెండో సగం నాలుకకి విశ్రాంతి. గింజలు తీసేసి కాయన్నర రసం అడుగున పిండండి. బీరు గ్లాసుని వంచి అంచువెంట నెమ్మదిగా పొయ్యాలి, లేకపోతే ఉప్పు తగిలి పొంగి బల్లపాలవుతుంది. సాసులు వేసేటట్టయితే బీరుకి ముందే వెయ్యండి. వూస్టర్‌షైర్ సాసులో చింతపండు ఉందని గుర్తుంచుకుని నిమ్మరసం కాస్త తగ్గించండి. మాగీ రసం నాలుగు చుక్కలు. అయిదోది పడిందా, ఇక అది చారే.